రోస్టెడ్ మేపుల్ నెక్ కొనే ముందు

ఎలక్ట్రిక్ గిటార్ కోసం దుకాణానికి వెళ్లినా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో వెతికినా ఈమధ్య ఒక మాట తప్పకుండా తగులుతుంది: రోస్టెడ్ మేపుల్ నెక్. మామూలు మేపుల్ నెక్ లేత పసుపు రంగులో ఉంటే ఇది ముదురు తేనె రంగులో ఉంటుంది. చూడగానే మనసు లాగుతుంది. ఒకప్పుడు ఎర్నీ బాల్ మ్యూజిక్‌మ్యాన్, సుర్ లాంటి ఖరీదైన గిటార్లలోనే కనిపించేది. ఇప్పుడు స్క్వైర్ దాకా దిగివచ్చింది.

అమ్మేవాళ్లు దీని గురించి మూడు మాటలు చెబుతారు. ఒకటి, వాతావరణం ఎంత మారినా నెక్ మాట వింటుంది. రెండు, చేతికి హాయిగా ఉంటుంది. మూడు, శబ్దం యాభై ఏళ్ల పాత గిటార్‌లా పండుతుంది. మొదటి మాట చాలావరకు నిజం. రెండోది మీ చేతిని బట్టి నిజం. మూడోదానికి, ఎలక్ట్రిక్ గిటార్ వరకు, డబ్బు పెట్టదగినంత ఆధారం లేదు.

కొనేటప్పుడు మన బుద్ధి ఒక చోట జారుతుంది. వస్తువు గురించి చెప్పిన మంచి మాటల్లో ఒకటి నిజమని తేలగానే, దాని పక్కన నిలబడ్డ మిగతా మాటల్ని కూడా లెక్క అడక్కుండా లోపలికి రానిస్తాం. రోస్టెడ్ నెక్ దీనికి చక్కటి ఉదాహరణ. నెక్ వంగదన్న మాటకు సైన్స్ ఉంది కాబట్టి శబ్దం మాటకూ ఉండే ఉంటుందని అనుకుంటాం. ఈ అధ్యాయంలో చేయబోయే పని ఆ మాటల్ని విడదీయడం. ఒక్కో మాటనూ విడిగా నిలబెట్టి రెండే ప్రశ్నలు అడుగుదాం. ఇది ఏ దారిన పనిచేస్తుంది? ఎంత పనిచేస్తుంది?

కర్రను ఎలా కాలుస్తారు

ఈ పద్ధతి గిటార్ల కోసం పుట్టలేదు. దీన్ని పరిశ్రమగా నిలబెట్టిన దేశాల్లో ముందున్నది ఫిన్లాండ్. 1990ల్లో అక్కడి పరిశోధన సంస్థ వీటీటీ, కలప పరిశ్రమ కలిసి దీన్ని అభివృద్ధి చేశాయి. థర్మోవుడ్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మంచూ వానా తగిలే ఇంటి బయటి గోడల పలకలు, వరండా నేలలు, ఆవిరి స్నానపు గదుల బల్లలు అక్కడివాళ్ల అవసరం. తమ దగ్గర పెరిగే పైన్, స్ప్రూస్ కలప పుచ్చకుండా, ఉబ్బకుండా నిలవాలన్నదే వాళ్ల తాపత్రయం.

పలకల్ని మూసిన ఉక్కు గదిలో పేరుస్తారు. ముందు మెల్లగా వేడి పెంచుతూ పూర్తిగా ఎండబెడతారు. చెక్కలో నీరు దాదాపు పోయాక వేడిని 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ మధ్యకు తీసుకెళ్లి కొన్ని గంటలు అలాగే ఉంచుతారు. ఆ వేడిలో చెక్క అంటుకోకుండా గదిలోని ఆక్సిజన్‌ను ఆవిరితోనో నైట్రోజన్‌తోనో వాక్యూమ్‌తోనో తప్పిస్తారు. చివర్లో చల్లారుస్తూ మళ్లీ కాస్త ఆవిరి చూపించి, చెక్కలో ఓ 4 నుంచి 7 శాతం తేమ చేరేలా చూస్తారు. కాల్చడం అని మనం అంటున్నా ఎక్కడా మంట తగలదు, బొగ్గు పడదు.

చెక్కలో ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. ఈ వేడికి ముందుగా విరిగిపోయేది హెమీసెల్యులోజ్. మేపుల్ లాంటి కలపలో అది పావు వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. గాలిలోని తేమను పట్టి లోపలికి లాక్కునే గుణం దానికే ఎక్కువ. అది విరిగేకొద్దీ చెక్క దాహం తగ్గుతుంది. ఎంత వేడి, ఎంతసేపు అన్నదాన్ని బట్టి, అదే గాలిలో మామూలు చెక్క పట్టే నీటిలో సగం దాకా తగ్గించవచ్చు. విరిగిన చక్కెర పదార్థాలు గోధుమ రంగుకు తిరగడం వల్లే ఆ తేనె వన్నె వస్తుంది. కొత్త నెక్ దగ్గర మాడిన పంచదార వాసన తగిలేదీ అందుకే.

అంటే ఈ ప్రక్రియ సూటిగా చేసేది ఒక్కటే. చెక్కకూ నీటికీ ఉన్న సంబంధాన్ని మారుస్తుంది. మిగతావన్నీ దాని వెంట వచ్చే మార్పులు.

మొదటి మాట: నెక్ నిలకడ

వానాకాలంలో ఇంటి తలుపు బిగుసుకుపోవడం మనకు తెలుసు. నెక్‌లో జరిగేది కూడా అదే, కాకపోతే ఇక్కడ అర మిల్లీమీటరు తేడా కూడా చేతికి తెలుస్తుంది.

లెక్క చూద్దాం. గాలిలో తేమ 35 శాతం ఉన్నప్పుడు మామూలు చెక్కలో దాని బరువులో 7 శాతం దాకా నీరు నిలుస్తుంది. గాలి తేమ 75 శాతానికి చేరి చాలాకాలం అలాగే ఉంటే ఆ నీరు 14 శాతం దాకా పెరుగుతుంది. ఎండ కాలంలో, ఏసీ గదిలో చెక్క ఎండి లోపలి నీరు నాలుగు శాతం తగ్గిందనుకోండి. బాడీ దగ్గర 56 మిల్లీమీటర్ల వెడల్పున్న హార్డ్ మేపుల్ నెక్, పలక కోసిన తీరు అనుకూలించకపోతే, ముప్పాతిక మిల్లీమీటరు దాకా కుంచించుకుపోగలదు. పైనున్న వార్నిష్ ఈ మార్పును ఆలస్యం చేస్తుందే గానీ ఆపలేదు. చెక్క కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు మాత్రం ఉన్న పొడవునే ఉంటాయి. అప్పుడు ఫ్రెట్ల కొనలు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. నెక్ అంచు వెంట బొటనవేలు నట్ నుంచి బాడీ దాకా జార్చి చూడండి. రంపపు పళ్ల మీద జారినట్టు చర్మం గీసుకుంటే మీ నెక్ ఎండిందని అర్థం.

పొడవునా జరిగేది ఇంకో తంతు. పదో నంబరు సెట్ తీగలు ఆరూ మామూలు ట్యూనింగ్‌లో, 25.5 అంగుళాల స్కేలు మీద, నెక్‌ను సుమారు 47 కిలోల బలంతో లాగుతుంటాయి. నెక్ లోపలుండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్, దానికి ఎదురు నిలబడుతుంది. చెక్క నీరు పట్టినా వదిలినా ఈ సమతూకం తప్పుతుంది. నెక్ ముందుకో వెనక్కో కాస్త వంగుతుంది. నిన్నటిదాకా శుభ్రంగా మోగిన తీగ ఇవాళ ఐదో ఫ్రెట్ దగ్గర జరజరమంటుంది.

రోస్టెడ్ నెక్‌లో ఈ గొడవ ఉండదని కాదు, తగ్గుతుంది. నీరు తక్కువ పడుతుంది కాబట్టి ఉబ్బడం, కుంచించుకుపోవడం కూడా తక్కువ. తీగల లాగుడు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది కాబట్టి ట్రస్ రాడ్ అవసరం తీరిపోదు. ఏడాదిలో నాలుగుసార్లు తిప్పాల్సింది ఒకసారో రెండుసార్లో తిప్పితే సరిపోవచ్చు.

ఈ లాభం ఎవరికి ఎక్కువ? ఏడాది పొడవునా గాలి ఒకేలా ఉండే గదిలో వాయించేవాళ్లకు పెద్దగా లేదు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగిలి, నెల తిరక్కుండానే ముసురు పట్టే ఊళ్లలో ఉంటే లాభం కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో పగలు కిటికీలు తెరిచి, రాత్రి ఏసీ వేసుకునే ఇంట్లో ఇంకా కనిపిస్తుంది. అందరికంటే ఎక్కువ అవసరం గిటార్‌తో ఖండాలు దాటేవాళ్లది. హైదరాబాద్ వానల్లో కొన్న గిటార్ డిసెంబరులో షికాగోలో హీటర్ నడుస్తున్న గదిలోకి వెళ్తే, గాలి తేమ ఒక్కసారిగా పడిపోతుంది. ఫ్రెట్ కొనలు పొడుచుకొచ్చాయన్న ఫిర్యాదులు ఎక్కువగా అలాంటి చలికాలాల్లోనే వినిపిస్తాయి.

రెండో మాట: చేతి హాయి

మేపుల్‌ను నేరుగా వదిలేస్తే చెమటకూ మురికికీ నల్లబడుతుంది. అందుకే మామూలు మేపుల్ నెక్ మీద లక్కరో పాలియురేథేనో వేస్తారు. మెరుపు ఎక్కువైతే అరచేయి చెమటకు అతుక్కుపోతుంది. రోస్టెడ్ మేపుల్ తేమను తక్కువ పీలుస్తుంది కాబట్టి చాలా కంపెనీలు పల్చటి నూనె, మైనం పట్టించి వదిలేస్తాయి. కొన్నయితే అదీ అక్కర్లేదంటాయి. ఉత్త చెక్క తగిలిన ఆ స్పర్శే చాలామందికి నచ్చేది.

ఇక్కడా మాటల్ని విడదీయండి. చేతికి తెలిసే ఆ హాయిలో ఎక్కువ భాగం ఫినిష్‌ది, కాల్చడానిది కాదు. మీ పాత నెక్ వెనకభాగం మెరుపు అతుక్కుంటున్నదే మీ బాధయితే, మెత్తటి స్కాచ్‌బ్రైట్ ముక్కతోనో 0000 నంబరు స్టీల్ ఊల్‌తోనో సున్నితంగా రుద్ది మెరుపు తీసేయవచ్చు. స్టీల్ ఊల్ వాడితే పికప్‌ల మీద టేపు వేయడం మరవకండి. లేకపోతే ఇనుప పొడి వెళ్లి అయస్కాంతాలకు పట్టుకుంటుంది.

మూడో మాట: శబ్దం

అకౌస్టిక్ గిటార్‌లో తీగ కంపనం బ్రిడ్జ్ ద్వారా పై పలకను కదిలిస్తుంది. పలక గాలిని కదిలిస్తుంది. మన చెవికి చేరేది ఆ పలక పలికిన పలుకే. పలక తేలికై, లోలోపల శక్తిని తక్కువ మింగితే శబ్దం మారుతుంది. అందుకే యమహా ఏఆర్‌ఈ పేరుతోనూ, మార్టిన్ 2015 నుంచి వీటీఎస్ పేరుతోనూ అకౌస్టిక్ గిటార్ల పై పలకల్ని ఇలాంటి వేడి ప్రక్రియకు గురిచేస్తున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ పాత కలపలో కూడా హెమీసెల్యులోజ్ నెమ్మదిగా తరిగిపోతుంది కాబట్టి, ముసలితనాన్ని తొందరగా తెచ్చినట్టే అన్నది వాళ్ల వాదన. ఆ వాదనకు అక్కడ ఒక దారి కనబడుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్‌లో దారి వేరు. ఉక్కు తీగ పికప్‌లోని అయస్కాంత క్షేత్రంలో ఊగితే, తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. పికప్ చూసేది తీగ కదలికనే. చెక్క ఎలా మోగుతోందో దానికి నేరుగా తెలియదు. చెక్క చేయగలిగిందల్లా తీగ రెండు చివరల దగ్గర దాని శక్తిని కొంచెం మింగడమో, మింగకుండా తిరిగి పంపడమో. ఆ ప్రభావం ఉంది, కొలిచారు కూడా. 1990ల్లో జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ బృందం ఎలక్ట్రిక్ గిటార్ల నెక్‌ల మీద చేసిన కొలతల్లో ఒక విషయం తేలింది. తీగ శక్తి ఎక్కువగా జారిపోయేది బ్రిడ్జ్ వైపు కంటే నెక్ వైపు. నొక్కిన స్వరమూ నెక్ సహజంగా ఊగే పౌనఃపున్యమూ కలిసిన చోట స్వరం తొందరగా చచ్చిపోతుంది. గిటారిస్టులు డెడ్ స్పాట్ అనేది దాన్నే.

దీన్ని మీరే చూడవచ్చు. యాంప్‌లో డిస్టార్షన్ తీసేసి, మూడో తీగ మీద 3 నుంచి 14వ ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం ఒకే బలంతో మీటి, ఆగేదాకా వినండి. చాలా గిటార్లలో ఒకటి రెండు చోట్ల స్వరం మిగతావాటికంటే ముందే నీరసపడుతుంది. మూడో తీగ మీద దొరకకపోతే పక్క తీగల మీద వెతకండి. దొరికాక హెడ్‌స్టాక్‌కు గుడ్డ చుట్టి ఒక చిన్న క్లాంపు బిగించి అదే చోట మళ్లీ మీటండి. డెడ్ స్పాట్ పక్క ఫ్రెట్‌కు జరిగిపోవడం వినిపిస్తుంది. అంటే నెక్ బరువూ బిరుసూ శబ్దాన్ని తాకుతాయన్నది నిజం. కాల్చడం కూడా ఆ రెండింటినీ కొంచెం మారుస్తుంది కాబట్టి డెడ్ స్పాట్ కొంచెం జరగవచ్చు. మంచివైపే జరగాలన్న నియమమేమీ లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న: ఎంత? ఒకే జాతి కలపలో ఒక పలకకూ మరో పలకకూ బిరుసులో 20 శాతం దాకా తేడా మామూలే. అడవిలో చెట్టు ఎక్కడ పెరిగింది, ఎంత నిదానంగా పెరిగింది, పలక ఎటు కోశారు, ఇవన్నీ దాన్ని మారుస్తాయి. నెక్ కాల్చేటప్పుడు వచ్చే తేడా ఈ సహజమైన తేడాల గుంపులో కలిసిపోతుంది. రెండు గిటార్లు తెచ్చి, ఒకటి రోస్టెడ్, ఒకటి మామూలు, "విన్నారా తేడా" అంటే, ఆ తేడా కాల్చడానిదని ఎవరూ చెప్పలేరు. రెండు మామూలు మేపుల్ నెక్‌లు తెచ్చినా తేడా వినిపించవచ్చు.

మరోవైపు, పికప్‌ను తీగకు ఒక మిల్లీమీటరు దగ్గరగా జరిపితే వినికిడి మారుతుంది. 250కె వాల్యూమ్ పాట్ తీసి 500కె పెడితే ఎగువ స్వరాల పదును మారుతుంది. యాంప్‌లోని పన్నెండు అంగుళాల స్పీకరు 5 కిలోహెర్ట్జ్ పైన చాలా వేగంగా మూగబోతుంది కాబట్టి, సన్నటి తేడాలు చాలామట్టుకు అక్కడే ఆగిపోతాయి. కొత్త తీగల సెట్ ఒక్కటే నెక్ కలప కంటే పెద్ద తేడా తెస్తుంది. వీటి ముందు కాల్చిన చెక్క వాటా ఆవగింజలో అరభాగం.

కళ్లు విన్న శబ్దం

"మరి నాకు తేడా వినిపించిందే" అంటారు కొందరు. అబద్ధమాడుతున్నారని కాదు. కొత్త రంగు, కొత్త వాసన, చేతికి కొత్త స్పర్శ, జేబులోంచి వెళ్లిన డబ్బు, ఇవన్నీ కలిసి చెవికి ముందే ఒక మాట చెప్పేస్తాయి. పైగా నెక్ హాయిగా ఉంటే మనం బాగా వాయిస్తాం, బాగా వాయిస్తే శబ్దం బాగుంటుంది.

కళ్లు మూస్తే ఏమవుతుందో 2018లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూశారు. వెనక పలక, పక్కల కలప తప్ప మిగతా అంతా ఒకేలా ఉన్న ఆరు అకౌస్టిక్ గిటార్లు చేయించారు. మసక గదిలో, వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి 52 మంది గిటారిస్టుల చేత వాయించారు. ఖరీదైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కూ చవక కలపకూ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది కాల్చిన కలప మీద చేసిన పరీక్ష కాదు. కానీ చెక్కే స్వయంగా పలికే అకౌస్టిక్ గిటార్‌లోనే పేరు మోసిన కలప కళ్ల ముందు లేకపోతే చెవులు దాన్ని గుర్తుపట్టలేదంటే, అయస్కాంతం ద్వారా పలికే గిటార్‌లో నెక్ వేడెక్కిన చరిత్రను చెవి పసిగడుతుందని నమ్మడానికి ఇంకా గట్టి సాక్ష్యం కావాలి.

కంపెనీల అవసరం, మీ అవసరం

కాల్చిన కలప ఇంతగా వ్యాపించడానికి కారణాల్లో మన దేశం పాత్ర కూడా కొంత ఉంది. ఫ్రెట్‌బోర్డులకు గిబ్సన్ లాంటి కంపెనీలు వాడే రోజ్‌వుడ్‌లో పెద్ద భాగం భారతదేశపు జిట్రేగి కలపే. 2011 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ అధికారులు నాష్‌విల్, మెంఫిస్‌లలోని గిబ్సన్ కర్మాగారాలపై దాడిచేసి, భారత్ నుంచి వచ్చిన రోజ్‌వుడ్, ఎబొనీ కలపను పట్టుకెళ్లారు. అక్కడి లేసీ చట్టం ప్రకారం, ఎగుమతి చేసిన దేశపు నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన కలప వాడకూడదు. మడగాస్కర్ ఎబొనీ విషయంలో 2009లో జరిగిన సోదాతో మొదలైన ఈ గొడవ 2012లో మూడు లక్షల డాలర్ల జరిమానాతో రాజీకి వచ్చింది. ఆ మధ్యకాలంలో గిబ్సన్ కొన్ని మోడళ్లకు రోజ్‌వుడ్ బదులు కాల్చిన మేపుల్ ఫ్రెట్‌బోర్డు వేసింది. ముదురు రంగు కావాలి, చిక్కుల్లేని కలప కావాలి. కాల్చిన మేపుల్ ఆ రెండింటికీ సరిపోయింది.

2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నీ, ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ నియంత్రణలోకి వచ్చాక, గిటార్ సరిహద్దు దాటాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. తయారైన వాయిద్యాలకు 2019 చివర్లో మినహాయింపు దొరికే దాకా ఈ తలనొప్పి నడిచింది. తేలిగ్గా దొరికే కలపకు విలువైన రూపం తెచ్చే ప్రక్రియ మీద కంపెనీలకు ఆసక్తి ఉండడంలో ఆశ్చర్యమేముంది?

ఇది మోసం కాదు, వ్యాపారం. అయితే కంపెనీకి ఉన్న కారణం మీకూ ఉండాలన్న నియమం లేదు. ఏ కొనుగోలులోనైనా ఈ వస్తువు వాళ్ల ఏ సమస్య తీరుస్తోంది, నా ఏ సమస్య తీరుస్తోంది అని రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టుకుంటే సగం మోజు అక్కడే దిగుతుంది.

బాడీ సంగతి

నెక్‌కు చెప్పిన లాభం బాడీకి వర్తించదు. నాలుగున్నర సెంటీమీటర్ల మందమున్న పలక కాస్త ఉబ్బినా, కుంచించుకుపోయినా వాయించే చేతికి తెలియదు. తీగల ఎత్తు మారదు, ఫ్రెట్లు పొడుచుకురావు. పైగా చాలా బాడీల మీద దళసరి పాలియెస్టర్ పూత ఉంటుంది.

బాడీని కాల్చడంలో మిగిలే లాభాలు రెండు. ఒకటి బరువు. నీరూ హెమీసెల్యులోజూ కొంత పోవడం వల్ల చెక్క కొన్ని శాతం తేలికవుతుంది. రెండు కిలోల బాడీలో ఐదు శాతమంటే వంద గ్రాములు. మూడు గంటలు నిలబడి వాయించే భుజానికి అది కాస్త ఊరటే, కానీ తేలికైన పలక ఎంచుకున్నా అదే ఫలితం వస్తుంది. రెండోది రూపం. పారదర్శక ఫినిష్ కింద కాల్చిన యాష్, పైన్ రేఖలు అందంగా కనిపిస్తాయి. ఫెండర్ అమెరికన్ ప్రొఫెషనల్ 2 వరుసలో రోస్టెడ్ పైన్ బాడీలు వచ్చాయి. అందం కోసం కొంటే అందం కోసమే కొంటున్నానని చెప్పుకుని కొనండి. అదీ న్యాయమైన కారణమే. దానికి శబ్దం ముసుగు వేయనక్కర్లేదు.

దీని బలహీనతలు

వేడి చెక్కకు నిలకడ ఇస్తుంది, పెళుసుదనమూ ఇస్తుంది. 220 డిగ్రీలు దాటేకొద్దీ వంగి తట్టుకునే బలం గట్టిగా తగ్గుతుంది. గిటార్లకు చేసే ప్రక్రియ సాధారణంగా దానికంటే మృదువుగా ఉంటుంది కాబట్టి నెక్ విరుగుతుందని భయపడనక్కర్లేదు. ట్రస్ రాడ్ బలం చూసుకుంటుంది. ప్రమాదమంతా స్క్రూల దగ్గర.

ట్యూనింగ్ కీలు మారుస్తున్నారనుకోండి. హెడ్‌స్టాక్ వెనక చిన్న స్క్రూ పెట్టి మామూలు మేపుల్‌లో తిప్పినట్టు తిప్పితే టప్‌మని రేఖ వెంట చీలుతుంది. ముందుగా స్క్రూ మర లోపలి కాండం మందానికి సరిపడా డ్రిల్‌తో రంధ్రం చేయాలి. మామూలు మేపుల్‌కంటే ఆవగింజంత పెద్దదైనా పరవాలేదు. స్క్రూ మరలను కొవ్వొత్తి మీద రుద్ది, చేత్తోనే, పవర్ డ్రిల్ లేకుండా తిప్పాలి. గట్టిగా బిగుసుకుంటే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్లీ మైనం పూయాలి. ఫ్రెట్లు మార్పించేటప్పుడు కూడా ఇది రోస్టెడ్ నెక్ అని పనివాడికి ముందే చెప్పండి. పాత ఫ్రెట్ లాగేటప్పుడు గాడి అంచు చితికి పేళ్లు లేవడం ఇందులో ఎక్కువ.

నీటితో కలిసే ఫెవికాల్ లాంటి జిగుళ్లు ఈ చెక్కలోకి నిదానంగా ఇంకుతాయి. ఎక్కువసేపు బిగించి ఉంచాలి. ఎండలో పెడితే రంగు క్రమంగా వెలుస్తుంది. ఇక, ఇంట్లో ఓవెన్‌లో మామూలు నెక్ పెట్టి తామే కాల్చుకుందామనుకునే సాహసులకు ఒకటే మాట: వద్దు. వంటగది ఓవెన్‌లో నిండా ఆక్సిజన్ ఉంటుంది, ఫ్రెట్‌బోర్డు జిగురు ఊడుతుంది, నెక్ పగులుతుంది. అంటుకున్నా అంటుకుంటుంది. అసలుకే మోసం.

కొనాలా, వద్దా

కింది వాటిలో మీ సంగతి ఏదైనా ఉంటే రోస్టెడ్ నెక్‌కు కొంచెం ఎక్కువ పెట్టడం సబబే:

1. కాలం మారినప్పుడల్లా మీ నెక్ వంగి, ఏడాదికి మూడు నాలుగుసార్లు సెటప్ చేయించుకోవాల్సి వస్తోంది.
2. తేమ బాగా వేరుగా ఉండే ఊళ్ల మధ్య, దేశాల మధ్య గిటార్ తీసుకుని తిరుగుతున్నారు.
3. అరచేతికి చెమట ఎక్కువ, మెరిసే నెక్ అతుక్కుంటుంది, కొత్త గిటార్ ఎలాగూ కొంటున్నారు.
4. రంగు నచ్చింది, డబ్బుంది.

కింది వాటిలో ఏదైనా ఉంటే ఆగండి:

1. "టోన్ మారుతుంది" అన్నదొక్కటే మీ కారణం.
2. ఇప్పుడున్న నెక్ ఏడాదిగా మాట వింటోంది.
3. గిటార్ మీద తరచూ స్క్రూలు విప్పి, బిగించి ప్రయోగాలు చేసే అలవాటుంది.
4. అదే డబ్బుతో ఇంకా మంచి పికప్‌లో, యాంపో, ఆరు నెలల పాఠాలో వస్తాయి.

దుకాణంలో "అన్నా, ఇది రోస్టెడ్, సౌండ్ వేరే లెవెల్" అని కుర్రాడు అంటే వాదనకు దిగకండి. "సరే తమ్ముడూ, దీన్నీ పక్కనున్న మామూలు మేపుల్‌దాన్నీ ఒకే యాంప్‌లో పెట్టు. నేను అటు తిరిగి నిలబడతా, నువ్వు మార్చి మార్చి వాయించు. ఏది ఏదో నేను చెబుతా" అనండి. రెండింటికీ పికప్‌లు ఒకే రకం అయితే పరీక్షకు కాస్త విలువ ఉంటుంది. పదిసార్లలో ఐదారు మాత్రమే సరిగ్గా చెప్పగలిగితే బొమ్మాబొరుసు వేసినట్టే.

తర్వాత నెక్‌ను దగ్గరగా చూడండి. నిజంగా కాల్చిన చెక్కలో రంగు లోపలిదాకా ఒకేలా ఉంటుంది. ట్యూనింగ్ కీ రంధ్రం అంచునూ, ట్రస్ రాడ్ తిప్పే గాడి లోపలినీ ఫోన్ టార్చ్ వేసి చూడండి. పైన తేనె రంగు, లోపల తెలుపు కనిపిస్తే అది రంగు పూసిన నెక్. కీల దగ్గర, బాడీ జాయింటు దగ్గర వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో చూడండి. బొటనవేలు పరీక్ష ఇక్కడా చేయండి. కాల్చిన నెక్‌లోనూ ఫ్రెట్ పని చెత్తగా ఉండవచ్చు.

ఈ వారం చేయాల్సిన పని

కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని కొలవండి.

గిటార్ ఉండే గదిలో చిన్న తేమ మీటరు పెట్టండి. రోజుకు రెండుసార్లు అంకె రాసుకోండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కు హాయి. అంతకంటే బాగా పైకో కిందికో పోతుంటే గిటార్‌ను బయట వేలాడదీయకుండా కేసులో ఉంచి, తేమను అదుపుచేసే ప్యాకెట్ ఒకటి పడేయండి. చాలామందికి నెక్ సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. పావు మిల్లీమీటరు ఉంటే మంచిది. తేదీ వేసి రాసుకోండి. ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి, చలిలో ఒకసారి మళ్లీ చూడండి. మీ నెక్ ఎంత కదులుతోందో అమ్మేవాడి మాట మీద కాకుండా మీ కొలత మీద తెలుస్తుంది.

కొత్త తీగలు వేసి, పికప్ ఎత్తును ఒక్కో పావు చుట్టు మారుస్తూ ఒకే స్వరాల వరుస వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. మర్నాడు వినండి. ఖర్చులేని మార్పుతో శబ్దం ఎంత జరుగుతుందో చెవికి పట్టుబడుతుంది.

చివరగా ఒక కాగితం తీసుకుని, మీ గిటార్‌లో మిమ్మల్ని నిజంగా విసిగించే విషయాలు వరుసగా రాయండి. మొదటి రెండు వరుసల్లో వంగే నెక్, పొడిచే ఫ్రెట్ కొన, అతుక్కునే చెయ్యి ఉంటే రోస్టెడ్ నెక్ కోసం డబ్బు దాచడం మొదలుపెట్టండి. శబ్దం ఉంటే తీగలు, పికప్, స్పీకరు వరుసలో వెళ్లండి. వేళ్లు కదలడం లేదని ఉంటే ఏ చెక్కా సాయం చేయదు. ఆ డబ్బు గురువుకు ఇవ్వండి.